జువెనైల్ గ్రీన్‌కార్డు పిల్లాడికే, తల్లికి రాదు: ఫ్రిస్కో మేనమామ గారికి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, చదివే మిగతావాళ్ళకి కూడా తెలియాలి కదా. మీ చెల్లెలు, ఆమె కొడుకు హెచ్-4 (భార్యాపిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా) మీద టెక్సస్ వచ్చారు. ఆమె భర్తది హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఇంట్లో కొట్టడం, తిట్టడం ఉండేది. 2022లో ప్లేనోలో ఉన్నప్పుడు పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు 911కి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి వెళ్ళారు. 2023లో అతను ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి డబ్బు లేదు, ఫోన్ లేదు. తల్లీకొడుకులు ఫ్రిస్కోలో మీ ఇంట్లోనే ఉంటున్నారు. బాబుకి పదహారేళ్ళు నిండి తొమ్మిది నెలలు. గుడిలో కలిసిన ఒకాయన "జువెనైల్ గ్రీన్‌కార్డు వేయించండి, ఆరు నెలల్లో వస్తుంది, దాని మీద తల్లికి కూడా వచ్చేస్తుంది" అన్నారు. ఇది నిజమేనా, వేరే దారులేమైనా ఉన్నాయా అని మీ ప్రశ్న.

ఆ రెండు మాటలూ తప్పే. ఆరు నెలల్లో రాదు. దాని మీద తల్లికి ఎప్పటికీ రాదు. అలాగని ఆ దారి వద్దనుకోకండి. మీ మేనల్లుడికి ఈ దేశంలో ఉన్న గట్టి దారి బహుశా అదే. కాకపోతే పిల్లాడి కేసు వేరు, తల్లి కేసు వేరు అని మొదటి రోజే మనసులో విడదీసుకోవాలి. ఒక్క కాగితంతో ఇద్దరూ గట్టెక్కుతారని మొదలుపెట్టిన కుటుంబాలే మధ్యలో విరిగిపోవడం చూశాను.

నేను లాయర్ని కాను. డాలస్ వైపు ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసుల్లో పారాలీగల్‌గా చాలా ఏళ్ళు చేశాను, ఇప్పుడు మనవాళ్ళకి ఫ్యామిలీ కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్తుంటాను. కింద రాసింది లాయర్ దగ్గరికి వెళ్ళేముందు మీకు తెలిసి ఉండాల్సింది, అంతే.

ఆయన చెప్పినదాని అసలు పేరు స్పెషల్ ఇమ్మిగ్రెంట్ జువెనైల్, పొట్టిగా ఎస్‌ఐజే. 1990 చట్టంతో వచ్చింది. మొదట్లో ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలకే అన్నట్టు ఉండేది. 2008లో సవరించాక, తల్లిదండ్రుల్లో ఒక్కరి వల్ల పిల్లాడికి హాని జరిగినా సరిపోతుందని చట్టంలోనే రాశారు. అంటే తండ్రి వదిలేసి తల్లి చూసుకుంటున్నా, తల్లి దగ్గరే ఉంటూ పిల్లాడు దీనికి అర్హుడవుతాడు. ఇది చాలామంది నమ్మరు. "తల్లి ఉందిగా, అనాథ ఎలా అవుతాడు" అంటారు. అనాథ కానక్కర్లేదు.

కావాల్సినవి ఇవి: దరఖాస్తు వేసే నాటికి 21 దాటకూడదు, పెళ్ళి కాకూడదు, అమెరికాలోనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, రాష్ట్ర కోర్టు ఆర్డరు. అందులో మూడు సంగతులు ఉండాలి. పిల్లాడి కస్టడీ ఎవరికి ఇచ్చారన్నది ఒకటి. హింస, నిర్లక్ష్యం, వదిలేయడం, లేదా రాష్ట్ర చట్టంలో వాటికి సాటి వచ్చే కారణం వల్ల ఆ తండ్రితో మళ్ళీ కలిసి ఉండటం కుదరదన్నది రెండోది. ఇండియాకి తిప్పి పంపడం పిల్లాడి మేలుకి మంచిది కాదన్నది మూడోది. ఇవి చెప్పాల్సింది ఇమ్మిగ్రేషన్ వాళ్ళు కాదు, ఫ్యామిలీ కోర్టు జడ్జి. ఆ ఆర్డరు పట్టుకుని యూఎస్‌సీఐఎస్‌కి, అంటే ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ ఆఫీసుకి, ఐ-360 ఫారం వేస్తారు. అది మంజూరై, వీసా నంబరు అందుబాటులోకి వచ్చాక ఐ-485 వేస్తే అప్పుడు గ్రీన్‌కార్డు.

ఫెడరల్ చట్టం 21 అంటుంది కాబట్టి ఇంకా నాలుగేళ్ళు ఉందిలే అనుకుంటారు. టెక్సస్‌లో అలా కుదరదు. ఇక్కడి ఫ్యామిలీ కోర్టుకి పిల్లల కస్టడీ మీద అధికారం 18 నిండేవరకే. న్యూయార్క్‌లో, కాలిఫోర్నియాలో 21 వరకూ గార్డియన్‌షిప్ తీసుకునే వీలుంది. ఇక్కడ పద్దెనిమిదో పుట్టినరోజు దాటితే ఆ ఆర్డరు ఇచ్చే కోర్టే ఉండదు. అందుకే మీ చేతిలో ఉన్నది పదిహేను నెలలే. అందులోనే ఆర్డరు రావాలి, వీలైతే ఐ-360 కూడా పుట్టినరోజుకి ముందే పోస్టు అయిపోవాలి. "సమ్మర్‌లో చూద్దాం" అన్నారు మీరు. సమ్మర్ దాకా ఆగకండి.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, ఆ పదిహేను నెలల్లో ఎక్కువ భాగం తినేసేది ఒకే ఒక్క పని: తండ్రికి నోటీసు అందించడం. మీ చెల్లెలు విడాకులు, పిల్లాడి కస్టడీ కలిపి ఒకే కేసుగా వేయొచ్చు, ఈ మూడు సంగతులూ ఆ డిక్రీలోనే అడగొచ్చు. వేరే జువెనైల్ కోర్టుకి పోనక్కర్లేదు. పిల్లల కస్టడీ తేల్చే అధికారం ఉన్న కోర్టు ఏదైనా ఎస్‌ఐజేకి సరిపోతుంది. విడాకులు వేయడానికి టెక్సస్‌లో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. ఇక్కడొక చిన్న మెలిక: ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఏ కౌంటీలోదో ప్రాపర్టీ టాక్స్ కాగితం మీద చూసుకోండి. దాన్నిబట్టి మెకిన్నీ వెళ్ళాలా డెంటన్ వెళ్ళాలా అన్నది తేలుతుంది. కేసు వేశాక కనీసం 60 రోజులు ఆగాలన్న నియమం ఎలాగూ ఉంది, దానితో పెద్ద ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా అతను హైదరాబాద్‌లో ఉండటం. కోర్టు కాగితాలు ఒక దేశం నుంచి ఇంకో దేశంలో అందించడానికి ఉన్న హేగ్ సర్వీస్ ఒప్పందంలో ఇండియా ఉంది, కానీ పోస్టులో నేరుగా పంపే పద్ధతికి ఒప్పుకోలేదు. కాబట్టి ఇక్కడి లాయర్ ఫెడెక్స్‌లో కాగితాలు పంపి "అందింది" అంటే చెల్లదు. ఢిల్లీలో న్యాయ మంత్రిత్వ శాఖకి పంపాలి, వాళ్ళు అక్కడి కోర్టుకి పంపాలి, ఆ కోర్టు మనిషి అతని ఇంటికి వెళ్ళాలి, మళ్ళీ అదే దారిలో సర్టిఫికెట్ వెనక్కి రావాలి. నెలలకి నెలలు పడుతుంది. కొన్నిసార్లు ఆ ఇంట్లో ఎవరూ లేరని వెనక్కొస్తుంది, మళ్ళీ మొదటికి.

దీనికి దగ్గర దారి ఒకటుంది. అతనే ఒక వేవర్ కాగితం మీద నోటరీ ముందు సంతకం పెడితే నోటీసు అక్కర్లేదు. షరతేమిటంటే ఆ సంతకం కేసు ఫైలయ్యాకే పెట్టాలి. ముందే పెట్టించి దగ్గర పెట్టుకున్న కాగితం చెల్లదు. మీ చెల్లెలు అతనితో మాట్లాడకూడదు, మాట్లాడే పరిస్థితి కూడా లేదు. కానీ ఇలాంటి వ్యవహారాల్లో పెద్దమనుషులు ఉంటారు, అతని అన్నయ్యో, పెళ్ళి కుదిర్చిన బాబాయో. వాళ్ళ ద్వారా లాయర్ అడిగితే కొంతమంది పెడతారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: అతను సంతకం పెట్టడం వేరు, మీతో కుమ్మక్కవడం వేరు. "నేను వదిలేశానని రాసుకోండి, వాడికి గ్రీన్‌కార్డు వస్తే చాలు" అని అతను వాట్సాప్‌లో రాస్తే ఆ ఒక్క మెసేజ్ కేసుని ముంచుతుంది. అతను నిజంగా ఎక్కడున్నాడో తెలియకపోతే పబ్లికేషన్ (బహిరంగ ప్రకటన) ద్వారా నోటీసు ఇచ్చి, అతని తరఫున చూడటానికి కోర్టు ఒక లాయర్‌ని పెడుతుంది. అది కూడా ఖర్చే, కానీ అందుబాటులో ఉన్న దారి. అడ్రసు తెలిసి కూడా తెలియదని ప్రమాణం చేయకండి.

అతను ఇప్పటికే హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు ఏమైనా వేశాడేమో కనుక్కోండి. రెండు దేశాల్లో రెండు కేసులు నడిస్తే ఎవరికి అధికారం అన్న గొడవలోనే కాలం అయిపోతుంది. పిల్లాడు ఆరు నెలలకి పైగా టెక్సస్‌లోనే ఉన్నాడు కాబట్టి కస్టడీ విషయంలో ఇక్కడి కోర్టుదే పైచేయి. విడాకుల సంగతి కాస్త వేరు. తిరుపతిలో పెళ్ళి చేసుకుని మిస్సోరిలో విడాకులు తీసుకున్న ఒక జంట కేసులో 1991లోనే మన సుప్రీంకోర్టు చెప్పింది, హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో విదేశంలో తీసుకున్న విడాకులు ఇండియాలో చెల్లవని. ఇక్కడి లాయర్లు అలవాటుగా "కలిసి ఉండలేకపోతున్నాం" అన్న కారణం రాసేస్తారు. మీరు అడిగి క్రూరత్వం, వదిలి వెళ్ళడం అన్నవి కూడా రాయించండి. టెక్సస్ చట్టంలో అవి రెండూ ఉన్నాయి. ఎస్‌ఐజేకి కూడా అదే బలం.

ఇప్పుడు ఆర్డరు రాసే తీరు. జడ్జి మంచిగా ఉండి, లాయర్ మంచిగా ఉండి, ఆర్డరు మాత్రం అరపేజీలో వచ్చిన కేసులున్నాయి. "తండ్రితో పునఃకలయిక సాధ్యం కాదు, ఇండియాకి వెళ్ళడం మైనర్ మేలుకి తగదు" అని చట్టంలోని మాటలే దింపేస్తారు. యూఎస్‌సీఐఎస్ వెంటనే వివరణ అడుగుతూ ఉత్తరం పంపుతుంది. నిలబడే ఆర్డరు ఇలా ఉంటుంది: తండ్రి ఫలానా నెలలో ఇల్లు వదిలి వెళ్ళాడు, ఆ తర్వాత పిల్లాడి తిండికి, చదువుకి, వైద్యానికి ఒక్క డాలర్ కూడా పంపలేదు, స్కూలు పెట్టిన రెండు మీటింగులకి, పిల్లాడికి అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు కబురు చేసినా పలకలేదు, అంతకుముందు పిల్లాడి కళ్ళెదుటే తల్లిని కొట్టాడు, టెక్సస్ ఫ్యామిలీ కోడ్‌లో ఫలానా సెక్షన్ ప్రకారం ఇది వదిలేయడం, నిర్లక్ష్యం కిందకి వస్తుంది. ఏ సెక్షనో తప్పకుండా రాయించండి. లాయర్‌కి ఫ్యామిలీ కోర్టు అనుభవం ఉండి ఇమ్మిగ్రేషన్ తెలియకపోతే ఇక్కడే జారుతుంది. ఆర్డరు డ్రాఫ్టు జడ్జి ముందుకి వెళ్ళేలోపు ఇమ్మిగ్రేషన్ లాయర్ ఒకసారి చదవాలి.

ఇంకొకటి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రూల్ ప్రకారం కోర్టు పిల్లాడికి నిజంగా ఏదో ఒక రక్షణ ఇచ్చి ఉండాలి, ఇమ్మిగ్రేషన్ కోసమే కోర్టుకి వచ్చినట్టు ఉండకూడదు. కాబట్టి అడగాల్సినవన్నీ అడగండి. మీ చెల్లెల్ని సోల్ మేనేజింగ్ కన్జర్వేటర్‌గా, అంటే పిల్లాడి విషయంలో ముఖ్య నిర్ణయాలు ఆమె ఒక్కతే తీసుకునేలా, పెట్టమనండి. చైల్డ్ సపోర్ట్ అడగండి. "హైదరాబాద్‌లో కూర్చున్నవాడు ఇస్తాడా" అని వదిలేస్తారు మనవాళ్ళు. వసూలవుతుందో లేదో తర్వాత, టెక్సస్‌లో అది 18 దాకా, లేదా హైస్కూలు అయ్యేదాకా పిల్లాడి హక్కు. తండ్రి వచ్చి కలవాలంటే ఎవరి సమక్షంలో కలవాలో రాయించండి. కౌన్సెలింగ్ కావాలంటే అది కూడా.

ఇండియాకి పంపడం ఎందుకు మంచిది కాదన్న ప్రశ్నే జడ్జిలు ఎక్కువగా తరచి అడుగుతారు. మీరు విజయవాడలో మీ అమ్మగారున్నారని రాశారు. జడ్జి అడిగేది అదే: "అమ్మమ్మ ఉందిగా, ఇల్లు ఉందిగా?" దాచకండి. అమ్మమ్మ వయసు, ఆరోగ్యం, ఆవిడ దేని మీద బతుకుతోంది అన్నది కాగితాలతో చెప్పండి. అతని వాళ్ళు బెదిరించిన సందర్భాలుంటే అవి చెప్పండి. పిల్లాడు ఏ వయసులో వచ్చాడు, తెలుగు చదవగలడా, అక్కడ ఇంటర్‌లో చేరాలంటే ఏ క్లాసులో కూర్చోవాలి, ఇక్కడ ఏ డాక్టరు చూస్తున్నారు, ఇవన్నీ పనికొస్తాయి. "అమెరికాలో అవకాశాలు ఎక్కువ" అన్న మాట మాత్రం ఎక్కడా రావద్దు. ఇక్కడ బాగుంటాడని చెప్పడం సరిపోదు, అక్కడికి తిరిగి వెళ్తే మంచిది కాదన్నది విడిగా తేలాలి.

పన్నెండేళ్ళు దాటిన పిల్లల్ని, మనం అడిగితే, జడ్జి తన ఛాంబర్‌లో విడిగా మాట్లాడించుకుంటారు. దీనికి టెన్షన్ పడక్కర్లేదు. నేను చూసినంతవరకూ అడిగేవి మామూలు ప్రశ్నలే: మీ నాన్నతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావు, నీ పుట్టినరోజుకి ఫోన్ చేశాడా, నీకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు. పిల్లాడికి జవాబులు బట్టీ పట్టించకండి. పదహారేళ్ళ మగపిల్లలు మనసులో మాట చెప్పరు, భుజాలు ఎగరేసి "ఐ డోంట్ నో" అంటారు. అది కూడా ఫర్వాలేదు. స్కూలు కౌన్సెలర్‌తో ముందు నుంచీ మాట్లాడుతున్న పిల్లాడైతే ఆవిడ రాసే అఫిడవిట్ మీ అందరి మాటల కంటే బరువుగా ఉంటుంది. ఇంకో మంచి నియమం కూడా ఉంది: ఈ కేసు ఏ దశలో అయినా సరే, హింసించాడని చెబుతున్న తండ్రిని కలవమని, అతనితో మాట్లాడమని పిల్లాడిని బలవంతపెట్టకూడదని చట్టమే చెబుతోంది.

ఆర్డరు వచ్చాక ఐ-360. ఇంతకాలం దీనికి ఫీజు లేదు. 2025 జూలైలో వచ్చిన చట్టంతో 250 డాలర్లు పెట్టారు. పంపే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఎంతుందో చూసి పంపండి. చట్టం ప్రకారం 180 రోజుల్లో తేల్చాలి. గుడిలో ఆయన చెప్పిన ఆరు నెలలు ఇవే. తేలేది పిటిషన్ మాత్రమే, గ్రీన్‌కార్డు కాదు. వాళ్ళు వివరణ అడిగితే ఆ గడువు కూడా ఆగుతుంది. మంజూరయ్యేదాకా పిల్లాడు దేశం దాటకూడదు. "మా అమ్మాయి పెళ్ళికి పదిరోజులు తీసుకొస్తాం" అంటారు బంధువులు. వద్దు. వెళ్తే తిరిగి రావడానికి వీసా లేదు, కేసు అక్కడితో సరి.

మంజూరయ్యాక అసలు ఎదురుచూపు మొదలవుతుంది. ఎస్‌ఐజే పిల్లలు ఉద్యోగ కోటాలో నాలుగో కేటగిరీ, ఈబీ-4లో వస్తారు. దానికి ఏడాదికి పదివేలకి కాస్త తక్కువే వీసాలు, అందులో మతపరమైన ఉద్యోగులు వగైరా కూడా ఉంటారు. 2023 ఏప్రిల్ నుంచి లెక్క మారి, అన్ని దేశాల పిల్లలూ దాదాపు ఒకే వరుసలో ఉన్నారు. 2025 ఫిబ్రవరి ఆఖరుకే ఆ ఏడాది వీసాలు అయిపోయి మిగతా నెలలన్నీ తలుపు మూసేశారు. ఏ తేదీన వేసినవాళ్ళ వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఈ మధ్య కదులుతున్న తేదీ దాదాపు ఐదేళ్ళ వెనకది. అంటే మీ మేనల్లుడు ఇప్పుడు ఐ-360 వేస్తే గ్రీన్‌కార్డు చేతికొచ్చేసరికి డిగ్రీ కూడా అయిపోవచ్చు. ఒక్క ఊరట ఏమిటంటే, ఐ-360 వేసిన రోజుకి 21 లోపు ఉంటే చాలు, తర్వాత వయసు పెరిగినా పోదు. ఉద్యోగ క్యూలో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు 21 దాటగానే రాలిపోతున్నారు కదా, ఆ బాధ ఇక్కడ లేదు. స్టేటస్ పోయిందన్నది కూడా ఇక్కడ అడ్డు కాదు. ఐ-485 వేసేటప్పుడు ఎస్‌ఐజే పిల్లల్ని చట్టం పెరోల్ మీద, అంటే ప్రభుత్వ అనుమతితో లోపలికి, వచ్చినట్టే లెక్కిస్తుంది.

ఆ ఐదారేళ్ళు పిల్లాడు ఎలా బతకాలన్నదే ఇప్పుడు కష్టమైన ప్రశ్న. మంజూరైన ఎస్‌ఐజే దానంతటదే స్టేటస్ కాదు, పని చేసుకునే అనుమతి కాదు. 2022 మే నుంచి ఇలా ఎదురుచూసే పిల్లలకి డిఫర్డ్ యాక్షన్ అని నాలుగేళ్ళు దేశం నుంచి పంపేయకుండా రక్షణ, దానితో వర్క్ పర్మిట్ ఇచ్చేవారు. 2025 జూన్‌లో దాన్ని ఎత్తేశారు, దాని మీద న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. మీ వంతు వచ్చేనాటికి ఏ స్థితిలో ఉందో లాయర్‌ని అడగండి, దాన్ని నమ్ముకుని మాత్రం ప్లాన్ వేసుకోకండి. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సుకి లీగల్ స్టేటస్ కాగితం అడుగుతారు. కాలేజీ సంగతి ఇంకా ఇబ్బంది. స్టేటస్ లేని పిల్లలకి కూడా ఇన్-స్టేట్ ఫీజు ఇచ్చే 2001 నాటి టెక్సస్ చట్టాన్ని 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆపేసింది. హైస్కూల్లో డ్యూయల్ క్రెడిట్ (కాలేజీకి కూడా లెక్కకొచ్చే) క్లాసులుంటే ఇప్పుడే ఎక్కువ పెట్టించండి, తర్వాత అంత డబ్బు మిగులుతుంది.

పిల్లాడికి మీరు, మేనమామగా, కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట ఒకటుంది. టెక్సస్‌లో 17 నిండితే నేరాల విషయంలో పెద్దవాళ్ళ కిందే లెక్క. స్కూల్ బాత్రూమ్‌లో ఎవడో చేతిలో పెట్టిన వేప్ పెన్నులో టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) ఉంటే అది ఇక్కడ ఫెలనీ, అంటే పెద్ద నేరం. ఎస్‌ఐజే చట్టం చాలా తప్పులు క్షమిస్తుంది, డ్రగ్స్ విషయంలో మాత్రం ఒక్కసారి, 30 గ్రాముల లోపు గంజాయి దగ్గరుండటం వరకే మినహాయింపు ఇస్తుంది. తల్లి చెబితే వినడు, మీరు చెప్పండి.

ఇక తల్లి విషయం. ఎస్‌ఐజే ద్వారా గ్రీన్‌కార్డు పొందిన పిల్లవాడు రేపు సిటిజన్ అయినా కన్న తల్లిదండ్రులకి పిటిషన్ వేయలేడు. కొట్టిన తండ్రికే కాదు, పెంచిన తల్లికి కూడా. చట్టంలో అలాగే రాసుంది, మినహాయింపు లేదు. అన్యాయం కదా అంటే అవును, అన్యాయమే. కానీ సంతకం పెట్టేముందు మీ చెల్లెలికి ఈ సంగతి తెలియాలి. ఇది తెలిసి వెనక్కి తగ్గిన తల్లిని నేను చూడలేదు. తెలియక సంతకం పెట్టి, ఏళ్ళ తర్వాత తెలిసి కుప్పకూలినవాళ్ళని చూశాను.

మీ చెల్లెలికి ఉన్న దారి వేరు, అది ఆ 2022 నాటి పోలీసు రిపోర్టు. గృహహింస బాధితులుగా పోలీసులకి సహకరించినవాళ్ళకి యు వీసా ఉంది. కొట్టినవాడు సిటిజనో గ్రీన్‌కార్డో అయి ఉండనక్కర్లేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే హింసకి గురైన భార్యల కోసమని అందరూ చెప్పే వావా పిటిషన్‌కి భర్త సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు హోల్డర్ అయి తీరాలి. హెచ్-1బీ భర్త మీద అది పనికిరాదు, దానికోసం ఎవరికీ డబ్బు కట్టకండి. యు వీసాకి పోలీసులో ప్రాసిక్యూటరో ఒక ఫారం మీద సంతకం పెట్టాలి, పెట్టడం పెట్టకపోవడం వాళ్ళిష్టం. పెట్టాక ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. ఏడాదికి పదివేల వీసాలే, కాబట్టి ఎదురుచూపు ఏళ్ళ తరబడి. కానీ కేసు నిజమైనదేనని ప్రాథమికంగా తేలితే మధ్యలో వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతి 2021 నుంచి ఉంది. వీసా వచ్చిన మూడేళ్ళకి గ్రీన్‌కార్డుకి వేసుకోవచ్చు. ఇందులో తల్లితో పాటు 21 లోపు పిల్లాడి పేరు కూడా చేర్చొచ్చు. ఎస్‌ఐజే వేస్తే ఇది వేయకూడదని లేదు. నేనైతే రెండూ వేయించమంటాను. పిల్లాడికి ఏది ముందొస్తే అది.

ఇది చదువుతున్న మిగతా అక్కచెల్లెళ్ళ కోసం ఒక మాట. భర్త ఇంకా ఇక్కడే హెచ్-1బీలో ఉంటే, విడాకుల డిక్రీ వచ్చిన రోజుతో భార్య హెచ్-4 ముగుస్తుంది. తండ్రి స్టేటస్‌లో ఉన్నంతకాలం పిల్లల హెచ్-4 మాత్రం పోదు. డిక్రీకి ముందే వేరే స్టేటస్‌కి వేసుకోవాలి. హింస ఉంటే హెచ్-4 భార్యకి ప్రత్యేకంగా వర్క్ పర్మిట్ ఇచ్చే ఫారం ఉంది, ఐ-765వి. గ్రీన్‌కార్డు ఇవ్వదు గానీ అద్దె కట్టుకోగలుగుతారు. మీ చెల్లెలి విషయంలో భర్త ఉద్యోగం మానేసినప్పుడే తల్లీకొడుకుల హెచ్-4 పోయినట్టు. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిచ్చే రికార్డు) మీద తేదీ ఇంకా ఉందని ధైర్యంగా ఉండొద్దు. పిల్లాడికి 18 నిండేవరకూ అక్రమంగా ఉన్న రోజుల లెక్క మొదలవదు, ఆ వెసులుబాటు ఆమెకి లేదు. కాగితాలు వేస్తే ఇద్దరి వివరాలూ ప్రభుత్వం చేతికి వెళ్తాయి, కేసు తిరస్కరిస్తే ఇమ్మిగ్రేషన్ కోర్టు నోటీసు రావచ్చు. ఆ రిస్కు ఎంతో లాయర్‌తో తలుపు వేసుకుని మాట్లాడండి.

మీరు దత్తత మాట కూడా ఎత్తారు. పదహారు నిండకముందు అయి ఉండాల్సింది, ఆ దారి మూసుకుపోయింది.

తండ్రి ఇండియాలో చల్లగా ఉండి, రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుతూ, కాగితం మీద మాత్రం వదిలేశాడని రాయించే ఏజెంట్లు ఉన్నారు, మనవాళ్ళలోనే. 21 దగ్గరపడిన హెచ్-4 పిల్లల తల్లిదండ్రుల దగ్గర ఇది బాగా అమ్ముడుపోతోంది. అది కోర్టులో అబద్ధపు ప్రమాణం, నేరం. 2025 జూలైలో యూఎస్‌సీఐఎస్ ఈ ఎస్‌ఐజే కేసుల్లో మోసాల మీద ఏకంగా ఒక నివేదిక వేసింది. ఇప్పుడు నిజమైన కేసులని కూడా అనుమానంగా చూడటానికి ఇలాంటివాళ్ళే కారణం. మీది నిజమైన కేసు, అందుకే కాగితాలు గట్టిగా ఉండాలి.

డబ్బుకి ఇబ్బంది అయితే డాలస్‌లో హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్ ఆఫ్ నార్త్ టెక్సస్ ఇలాంటి పిల్లలకి, హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్ళకి లీగల్ సాయం చేస్తుంది. చేతన అని దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం ఇక్కడే పనిచేసే సంస్థ ఉంది, ఇంటికి దగ్గరలో మనిషి తోడు దొరుకుతుంది. హ్యూస్టన్ వైపు వాళ్ళకి దయ ఉంది. తెలుగు అసోసియేషన్ వాళ్ళకి చెప్పాలా అంటే మీ ఇష్టం, కానీ అక్కడ చెప్పింది వారంలో హైదరాబాద్ చేరుతుంది.

మొదటి మీటింగ్‌కి బాబు పాస్‌పోర్టు (గడువు దగ్గరపడి ఉంటే తల్లి ఒక్కరి సంతకంతో రెన్యూ చేయించుకోవడానికి కాన్సులేట్‌లో వేరే డిక్లరేషన్ ఉంది), బర్త్ సర్టిఫికెట్, పాత ఐ-94లు, తండ్రి ఆఖరుగా డబ్బు వేసిన నెల కనిపించే బ్యాంక్ స్టేట్‌మెంట్లు, స్కూల్లో ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా ఎవరి పేరుందో ఆ కాగితం తీసుకెళ్ళండి. పాత ఫోన్ ఉంటే అమ్మేయకండి, వాట్సాప్ చాట్ అందులోనే ఉంటుంది. ప్లేనో పోలీసులకి ఆ రిపోర్టు కాపీ కోసం ఈ వారమే రిక్వెస్ట్ పెట్టండి. రిపోర్టు నంబరు లేదని ఆగకండి, తేదీ, అపార్ట్‌మెంట్ అడ్రసు ఇచ్చి వెతకమనండి. కచ్చితమైన తేదీ గుర్తులేకపోతే ఆ నెలేదో రాసి పంపండి.